బ్రిన్‌గ్లాస్ ఇంటి పాట

మాంట్‌గొమరీ జిల్లా, లానెర్విన్ గ్రామంలో బ్రిన్‌గ్లాస్ అనే కమతంలో పుట్టి, అక్కడే కాపురముంటున్న లౌరీ ట్యూడర్ అనే నేను, కీర్తిశేషులు ఎడ్వర్ట్ ట్యూడర్ గారి కుమార్తెను, అవివాహితను, అరవై ఏడేళ్ల దానిని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా చేత్తో రాస్తున్న చివరి వీలునామా ఇది. జిల్లా పేరు పోవిస్ అని మార్చామని అయిదేళ్ల కిందట ప్రభుత్వం వారు తెలియజేశారు. వాళ్లు మార్చుకున్నారు, నేను మార్చుకోలేదు.

నా మోకాళ్లు చెడ్డాయి గానీ బుద్ధి చెడలేదు. నిన్న ఏం తిన్నానో, నలభై ఎనిమిదేళ్ల కిందట ఏం చేశానో రెండూ బాగా జ్ఞాపకమున్నాయి. దీన్ని రాయమని గానీ మానమని గానీ నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఒత్తిడి చేయగలవాళ్లంతా చర్చి పక్కన మట్టిలో పడుకున్నారు. ష్రూస్‌బరీ వకీలు హామండ్ గారికి మా భాష రాదు, కనుక ఆయన దీన్ని ఇంగ్లీషులోకి రాయించుకోవాలి. రాయించేటప్పుడు ఒక్క మాట కూడా మెత్తబరచకూడదని నా కోరిక.

1. ఇంతకుముందు 1962లో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నాంట్ కమతం వాళ్లెవరూ నా శవపేటిక వెంట నడవకూడదని అందులో రాశాను. ఎందుకు రాశానో ఆరో అంశంలో తెలుస్తుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

2. ఈ వీలునామాను అమలు జరపవలసినవారు హామండ్ గారు, మా తమ్ముడు మెయిలిర్ కొడుకు గెథిన్ ట్యూడర్. గెథిన్ కష్టపడే మనిషి. గొర్రె ఈనేటప్పుడు వాడి చేతిలో ఉన్న ఓపిక వాడి నోట్లో ఉంటే బాగుండేది.

3. బ్రిన్‌గ్లాస్ భూమిలో, ఇంట్లో నా సగం వాటా పూర్తి హక్కులతో గెథిన్‌కు చెందవలసింది. వాగు పక్క పచ్చిక బయలులో తూర్పు మూల ఏటా నీరు నిలుస్తుంది. కాలువ తీయించమని పదిహేనేళ్లుగా చెబుతున్నాను, ఇప్పుడు రాతపూర్వకంగా చెబుతున్నాను.

4. వంటింట్లోని ఓక్ చెక్క పింగాణీ బీరువా, అందులోని నీలం పళ్లాలతో సహా గెథిన్ భార్య రోన్వెన్‌కు చెందవలసింది. నేను కోళ్లకు మేత వేస్తున్నాననుకుని ఆమె దాన్ని టేపుతో రెండుసార్లు కొలవడం చూశాను. మూడోసారి కొలవనక్కర్లేదు. అది వాళ్ల గుమ్మంలోంచి పట్టదు, తలుపు ఊడదీయాలి. పళ్లాలు రోజూ వాడుకోమని చెబుతున్నాను. మా అమ్మ దాచింది, నేను దాచాను, ఎవరమూ వాటిలో తినలేదు.

5. నా కుక్క మోట్‌కు చెవుడు, వయసు పద్నాలుగు. అది తనంతట తాను ఎవరింటికి నడిచి వెళ్తే వాళ్లది. తాడు కట్టి ఎవరూ లాగకూడదు.

6. బ్రిన్‌గ్లాస్ ఇంటి పాట గురించి. ఇది రాస్తానని చెప్పినప్పుడు హామండ్ గారు, "పాటను ఆస్తి అని ఎలా రాస్తారమ్మా, దానికి హద్దులేవి?" అని నవ్వారు. ఆయన కోసం ఆ హద్దులు రాస్తున్నాను. మా లోయలో పసిపిల్లలకు కూడా అవి తెలుసు.

జనవరి రెండో ఆదివారం సాయంత్రం మా చర్చిలో క్రిస్మస్ పాటల కూటం ఉంటుంది. ప్లగైన్ అంటాం. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి, ప్లగైన్ మొదలైందని చెప్పి కూర్చుంటారు. ఆపైన ఆయనకు పని లేదు. ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఏదో ఒక బల్ల మీంచి ముగ్గురు లేచి ముందుకు వెళ్తారు. ఒకరు శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు, వాయిద్యం లేకుండా పాడతారు, వచ్చి కూర్చుంటారు. చప్పట్లుండవు. మరో ఇల్లు లేస్తుంది. ఆ సాయంత్రం ఒకరు పాడిన పాటను ఇంకొకరు పాడకూడదు. మెట్లు అందరివీ, మాటలు మాత్రం ఎవరింటివి వాళ్లవి. ఒక ఇంటి పాట ఇంకో ఇంటికి వెళ్లే దారి ఒక్కటే. పిల్లనిచ్చే తండ్రి అల్లుడికి పాట రాసిస్తాడు.

మాలో ఎవరికీ పెద్ద చదువులు లేవు. దేవుడు మనిషై పుట్టి పశువుల తొట్టిలో పడుకున్నాడని చెబితే దానికి ఏమని జవాబు చెప్పాలో మాకు తెలియదు. అందుకని ఏడాదికోసారి లేచి నిలబడి, పద్నాలుగు చరణాలు తప్పు లేకుండా పాడి కూర్చుంటాం. మా జవాబు అదే.

మా పాట కట్టింది మా ముత్తాత. ఆయన పరాయి వాళ్ల గొర్రెలు కాసేవాడు. సంతకం చేయడం కూడా రాదు, నోటితో కట్టి పాస్టరుగారి చేత రాయించాడు. అందులో తొమ్మిదో చరణం ఇది:

కాపరులందరు కదలిరి ఊరికి,
మందను కాచినవాడెవ్వడు?
వెళ్లినవారలు తెచ్చిన మాటను
చూడక నమ్మినవాడతడు.

దూత చెప్పగానే కాపరులంతా బేత్లెహేముకు పరుగెత్తారు సరే, గొర్రెల దగ్గర ఎవడో ఒకడు ఉండిపోయే ఉంటాడు, లేకపోతే తెల్లారేసరికి సగం మంద ఉండదు అని మా ముత్తాత వాదన. గొర్రెలు కాచినవాడికి తప్ప ఆ సంగతి తోచదు. ఆ ఉండిపోయినవాడు బిడ్డను చూడలేదు, వెలుగు దగ్గరికి పోలేదు, తిరిగి వచ్చినవాళ్లు చెప్పింది విని నమ్మాడు. మనమంతా ఆ ఉండిపోయినవాడి సంతతి అని పదో చరణం చెబుతుంది.

నాన్న, చిన్నాన్న, మెయిలిర్ ఆ పాట పాడేవారు. ఆ రోజుల్లో మా చర్చిలో ఆడపిల్లలు లేచేవాళ్లు కారు. అమ్మ పోయాక పాటల పుస్తకం నా చేతికి వచ్చింది. కాగితం చిరిగితే తిరగరాయడం, సాధనలో ఎవరు మాట తప్పినా అందించడం నా పని. పాడడం తప్ప అన్నీ నా పనే.

1930 డిసెంబరులో నాకు పంతొమ్మిదేళ్లు. మా పైన నాంట్ కమతంలో ఇథెల్ బెబ్‌కు ఇరవై రెండు. మేమిద్దరం ఒకరికొకరు ఇష్టమని మా గొర్రెలకు తప్ప ఎవరికీ తెలియదు. క్రిస్మస్‌కు అతనికి ఏదైనా ఇవ్వాలని మేజోళ్లు అల్లాను. అల్లాక, మేజోళ్లు ఎవరైనా ఇస్తారు గదా అనిపించి సొరుగులో పెట్టేశాను. మా పాట పద్నాలుగు చరణాలూ మంచి కాగితం మీద రాశాను. మా వాళ్లు ఊపిరి తీసుకునే చోటల్లా చిన్న గీత పెట్టాను. నాంట్ వాగు దాటే రాళ్ల దగ్గర ఆ కాగితం అతని చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పరుగెత్తుకొచ్చాను. అతను చదువుకోవాలని, దాచుకోవాలని నా ఉద్దేశం. అంతకు మించి నేను ఆలోచించలేదు.

అతను వేరేగా అర్థం చేసుకున్నాడు. మా లోయలో పుట్టిన ఏ మగవాడైనా అలాగే అర్థం చేసుకుంటాడు. ఇంటి పాట చేతికి వచ్చిందంటే పిల్ల తండ్రి ఒప్పుకున్నట్టు. పెద్దాయనే కూతురి చేత రాయించి పంపాడనుకున్నాడు. ఇక ఆ పాట లోయ అంతటి ముందూ పాడడమే తన వంతు అనుకుని, తమ్ముళ్లిద్దరికీ నేర్పాడు.

1931 జనవరి పదకొండు. ప్లగైన్ మొదలైందని పాస్టరుగారు అనగానే అందరికంటే ముందు నాంట్ అన్నదమ్ములు ముగ్గురూ లేచారు. ఇథెల్ మొహం వెలిగిపోతోంది. తన పెళ్లి ప్రకటన చదువుతుంటే వింటున్నవాడిలా నిలబడ్డాడు. మొదటి పంక్తి వినగానే మా బల్ల మీద ఎవరమూ కదల్లేదు. నాన్న అప్పటికే శ్రుతిదండం తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. దాన్ని మెల్లగా కోటు జేబులో పెట్టుకున్నాడు. మాకున్నది ఆ ఒక్క పాటే. నాలుగు తరాలుగా లేచిన ఇల్లు ఆ సాయంత్రం కూర్చునే ఉంది.

పాట అయ్యాక ఇథెల్ మా బల్ల వైపు చూశాడు. ముందు నాన్నను, తరవాత నన్ను. నేను తల వంచి ప్రార్థన పుస్తకంలో చూశాను. దాంతో అతనికి సంగతంతా అర్థమైంది.

చర్చి గేటు దగ్గర నాన్న అతన్ని ఆపాడు. "మాటలు ఎక్కణ్ణించైనా సంపాదించొచ్చురా. మేం ఊపిరి పీల్చే చోటే మీరూ పీల్చారు. అది నీకెట్లా తెలిసింది?" అని అడిగాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఇథెల్ టోపీ తీశాడు. "మీరు సాధన చేస్తుంటే మీ కొట్టం వెనకాల నిలబడి విన్నానండీ. మా తమ్ముళ్లకేం తెలీదు. తప్పు నాదే" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. ఈ వీలునామా అంతా రాస్తున్నది ఆ ఒక్క ముక్క కోసం. పాట ఎవరూ దొంగిలించలేదు. నేనే ఇచ్చాను. ఇచ్చి, నోరు మూసుకున్నాను.

నాన్న మళ్లీ ప్లగైన్‌కు వెళ్లలేదు. మూడేళ్లకు పోయాడు. పోయే ముందు రెండు వారాలు మంచంలో ఉన్నాడు. పాలు కాచి ఇచ్చాను, దిండు సర్దాను, కీర్తనలు చదివి వినిపించాను, ఇది మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన నన్ను ఎలా చూస్తాడోనని భయం. ఆయన పోయాక ఎవరికీ చెప్పకపోవడం అలవాటైపోయింది. అలవాటు కోపంగా మారింది. చేసిన తప్పును మోయలేక, మోస్తున్నవాణ్నే ద్వేషించాను. ఇథెల్ దారిలో ఎదురైతే కంచె దాటి పక్క పొలంలోంచి పోయేదాన్ని.

అతనికి కొట్టం ఇథెల్ అని పేరు పడింది. తరవాత పై లోయ నుంచి నెస్టాను చేసుకున్నాడు. మంచి మనిషి, పోయింది. ఆవిడకు కూడా అతను నిజం చెప్పలేదని నా నమ్మకం. ఎందుకంటే నన్ను చూసినప్పుడల్లా నెస్టా తన మొగుడి తరఫున తలదించుకునేది.

పోయిన నెల నేను కొట్లో ఈస్టు కొనుక్కుంటున్నాను. ఇథెల్ మనవరాలు హెయిల్వెన్ అక్కడుంది. పదిహేడేళ్ల పిల్ల, మంచి గొంతు. స్నేహితురాళ్లు ఇద్దరితో కలిసి వచ్చే ప్లగైన్‌లో లేస్తానని కొట్టు ఆవిడతో చెబుతోంది. పక్కనే ఉన్న గెథిన్, "ఈసారి ఎవరి కొట్టం వెనకాల నక్కి నేర్చుకున్నావే పిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. హెయిల్వెన్ తీసుకున్న సరుకులు బల్ల మీదే పెట్టేసి వెళ్లిపోయింది. ఇక ప్లగైన్‌లో లేవనని స్నేహితురాళ్లకు చెప్పేసిందట. నేను అబద్ధం చెప్పకుండానే చేసిన మోసం మూడో తరం పిల్ల గొంతు మీద కూర్చుంది. గెథిన్‌ను కూడా అనడానికి లేదు. వాడికి ఆ కథ చెప్పి పెంచింది మెయిలిర్, మెయిలిర్‌కు నిజం తెలియకుండా చేసింది నేను.

ఈ ఆరో అంశాన్ని జనవరి పద్నాలుగు ఆదివారం, ప్రార్థనకు ముందు, జనం కూర్చున్నాక నేనే లేచి చదువుతాను. పాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. ఆలోగా నాకేమైనా అయితే గెథిన్ చదవాలి. తాను కొట్లో అన్న మాటతో సహా, గట్టిగా, వెనక బల్లల వాళ్లకు వినబడేలా చదవాలి.

7. పై పాటను, పాటల పుస్తకాన్ని, వాటి మీద నాకున్న సర్వహక్కులను నాంట్ కమతానికి చెందిన కుమారి హెయిల్వెన్ బెబ్‌కు ఇస్తున్నాను. పాట హక్కు నేను పోయేదాకా ఆగదు, ఈరోజు నుంచే ఆమెది. అలా రాయడం వీలునామాలో కుదరదని హామండ్ గారంటారు. కుదరకపోతే దీన్ని ఉత్తరం అనుకోమనండి.

ఒక్క షరతు. ఇకమీదట ఆ పాట ఏ ఇంటివాళ్లు అడిగినా ఊపిరి గీతలతో సహా రాసివ్వాలి. ప్రభువు పుట్టాడన్న కబురు చెప్పేటప్పుడు దూత ఆ కాపరులను మీది ఏ కమతం అని అడగలేదు. లోకమంతటికీ వచ్చిన మాటను మేం చేను గట్లలాగా పంచుకుని, ఒకరి వాటాలోకి ఇంకొకరు రాకుండా కాపలా కాశాం. నలభై ఎనిమిదేళ్లుగా ఆ పాట పాడినవాళ్లు లేరు. మా వాళ్లు పంతానికి పాడలేదు, నాంట్ వాళ్లు సిగ్గుతో పాడలేదు. ఏటా క్రిస్మస్ పొద్దున్నే పాలగదిలో తలుపేసుకుని నేను ఒక్కదాన్నే చదివేదాన్ని. పాడేదాన్ని అని రాయాలి నిజానికి. ఆవులకు నచ్చేది.

8. మా నాన్న శ్రుతిదండం గెథిన్‌కు చెందవలసింది. హెయిల్వెన్ ఆ పాట పాడడానికి లేచిన మొదటిసారి వాడు కూడా లేచి, ఆ పిల్లకు శ్రుతి అందించి, కింది గొంతు పాడాలి. పాడకపోతే ఆ దండం చర్చికి పోతుంది. వాడు పాడతాడు. నోరు చెడ్డదైనా గొంతు వాళ్ల తాతది.

9. ఇథెల్ బెబ్‌కు, బూడిద రంగు ఉన్ని మేజోళ్లు ఒక జత. 1930 డిసెంబరులో అల్లినవి, ఎవరూ తొడగనివి. ఎడమ మడమ దగ్గర చిమ్మట కొట్టింది, మళ్లీ అల్లి కలిపాను. ముందే ఇవే ఇచ్చి ఉండవలసింది.

10. నన్ను అమ్మానాన్నల పక్కన పెట్టాలి. నాంట్ వాళ్లు నా పేటిక వెంట నడవడానికి ఇష్టపడితే వాళ్లను ముందు వరసలో నడవనివ్వాలి. నా మీద పొగడ్తలు వద్దు, ఉప్పు పట్టించిన పందిమాంసం మాత్రం ఆ వచ్చినవాళ్లకు కడుపు నిండా పెట్టాలి.

ఇంతవరకు నిన్న రాశాను. ఈ ఉదయం జరిగింది కింద చేరుస్తున్నాను, ఇదీ వీలునామాలో భాగమే.

సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి. పోస్టుమాన్ టెక్విన్ రోడ్రిక్‌ను ఒకరిగా అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా లోయ అంతా తిరుగుతాడు, అందుకే. రెండోవారు పాస్టరుగారు కావలసింది. ఇథెల్‌ను సాక్ష్యానికి పిలవలేదు, ఆరో అంశం అందరికంటే ముందు ఆయన చదవాలని టెక్విన్ చేత కబురంపాను. మంచులో కర్ర పోటేసుకుంటూ దిగి వచ్చాడు. 1931 తరవాత మా గుమ్మం ముందుకు రావడం ఇదే. బూట్లు దులుపుకుని, "లోపలికి రావొచ్చా లౌరీ, కొట్టం దగ్గరే నిలబడమంటావా?" అన్నాడు.

కూర్చోబెట్టి కాగితాలు ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, "గీతలు బాగా పెట్టావు. ఒక్క చోట కూడా ఊపిరి చాలక ఇబ్బంది పడలేదు మేం" అన్నాడు. నేను రాసిచ్చిన కాగితం ఏమైందని అడిగాను. ఆ రాత్రే పొయ్యిలో వేశానని, ఎవరైనా నా దస్తూరి గుర్తుపడతారని వేశానని చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు. బల్ల తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాను. టెక్విన్ కిటికీలోంచి మంచు చూస్తున్నట్టు నటించాడు.

నన్ను క్షమించమని అడిగాను. "ఎప్పుడో అయిపోయింది గదా అది. నువ్వే ఇంతకాలం దాన్ని కాస్తూ కూర్చున్నావు" అన్నాడు. హెయిల్వెన్ ఆదివారం లేస్తుందా అని అడిగితే, ఏడో అంశం దాని చేతికిచ్చి తాను పక్కకు తప్పుకుంటానని, ఆపైన దాని ఇష్టమని, అది నెస్టా మనవరాలు గనుక ఎవరూ చెప్పి చేయించలేరని అన్నాడు.

తరవాత సాక్షి సంతకం తానే పెడతానన్నాడు. అలా పెడితే వీలునామా కింద ఆయనకు ఏదీ చెందదని, చట్టం అలా ఉందని, హామండ్ గారు మూడుసార్లు చెప్పారని చెప్పాను. ఇథెల్ నవ్వాడు. ఆ నవ్వు చూసి నలభై ఎనిమిదేళ్లయింది. "చెందకపోతే మరీ మంచిది. బ్రిన్‌గ్లాస్ ఇంట్లోంచి నేనేమీ పట్టుకుపోలేదని చట్టమే చెబుతానంటే వద్దంటానా? కలం ఇటివ్వు" అన్నాడు.

కాబట్టి తొమ్మిదో అంశం చెల్లదు. అయినా కొట్టివేయను, రాసినది రాసినట్టే ఉండనివ్వండి. మేజోళ్లు వీలునామాతో సంబంధం లేకుండా, ఇద్దరం బతికుండగానే, ఇప్పుడే చేతికి ఇచ్చాను. ఈ మాట రాస్తుండగా బూట్లు విప్పి తొడుక్కుంటున్నాడు. ఎడమది మడమ దగ్గర కాస్త బిగుతుగా ఉందట.

1979 జనవరి నాలుగో తేదీ, గురువారం ఉదయం, బ్రిన్‌గ్లాస్ వంటింట్లో, కింది సాక్షులిద్దరూ చూస్తుండగా, పైన రాసిన ప్రతి మాటా నాదేనని ఒప్పుకుంటూ చేసిన సంతకం:

లౌరీ ట్యూడర్

సాక్షులు:

టెక్విన్ రోడ్రిక్, పోస్టుమాన్, లానెర్విన్.

ఇథెల్ బెబ్, రైతు, నాంట్. ఈ ఇంటి నుంచి ఏమీ తీసుకోలేదు.